లోహం లేదు

పెంటయ్యను మా దగ్గరికి తెచ్చింది అంబులెన్సు కాదు, క్వారీ కూలీలను ఎక్కించుకుని తిరిగే ట్రాలీ ఆటో. వెనక తలుపు దించేసరికి రాతిపొడితో తెల్లబడ్డ మనుషులు నలుగురు, వాళ్ల మధ్య గోనెపట్టా మీద అంతకన్నా తెల్లగా పెంటయ్య. అతని తల ఒళ్లో పెట్టుకుని తల్లి ఆదెమ్మ. ఆమె కూడా ఆ క్వారీలోనే రాతిముక్కలు ఏరే పని చేస్తుంది.

"రాయి జారింది. టిప్పరుకీ రాయికీ మధ్య నడుం కాడ నలిగాడు" అన్నాడు మేస్త్రీ. "అదృష్టం సిస్టరమ్మా, రక్తం ఒక్క చుక్క కూడా పోలా."

సువార్త సిస్టర్ పెంటయ్య కనురెప్ప కిందికి లాగి చూసింది. తుంటి మీద చెయ్యి ఆనించి వెంటనే తీసేసింది.

"పోలేదని ఎవరన్నారు? అంతా లోపలికే పోతోంది. వందనం, వలయం ఆన్ చెయ్."

వందనం అంటే నేనే. బీఎస్సీ ఇమేజింగ్ చదివి ఈ అత్యవసర వైద్య యూనిట్లో టెక్నీషియన్‌గా చేరి అప్పటికి పధ్నాలుగు నెలలు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా నాన్న ఇవే రాళ్ల మధ్య ముప్ఫై ఏళ్లు డ్రిల్లింగు చేశాడు.

అద్దంకి దాటాక క్వారీల రోడ్డు పక్కన మా యూనిట్ మూడు గదులు. సర్జన్ లేడు. ఒక నర్సు, ఒక టెక్నీషియన్, రెండు సీసాల రక్తం, మనిషిని లోపల పడుకోబెట్టే అయస్కాంతాల వలయం ఒకటి. వలయాన్ని నడిపే డాక్టర్ నిరుపమ గారు హైదరాబాదులో తెర ముందు కూర్చుంటారు. ఈ పద్ధతి కనిపెట్టింది ఆవిడే. ఇంకా పరీక్ష దశలోనే ఉంది. దాని కిందికి వచ్చినవాళ్లలో పెంటయ్య నలభై రెండోవాడు.

తుంటి ఎముక విరిగినప్పుడు దాని వెనకనున్న రక్తనాళాలు తెగుతాయి. బయట గీత కూడా ఉండదు, లోపల మాత్రం మనిషి ఖాళీ అయిపోతుంటాడు. పెద్దాసుపత్రిలో అయితే నాళంలోకి సన్నటి గొట్టం పంపి, తెరమీద చూసుకుంటూ, తెగినచోటును లోపలినుంచే మూసేస్తారు. కోత ఉండదు. కానీ చెయ్యి తిరిగిన ఆ డాక్టరు మాకు గంటన్నర దూరం. పెంటయ్యలాంటివాడి దగ్గర ఇంకో అరగంట ఉంటే ఎక్కువ. నిరుపమ మేడం ఆ గొట్టాన్నే లేకుండా చేశారు.

"బీపీ డెబ్బై బై నలభై" అంది సిస్టర్, అతని చొక్కా కత్తిరిస్తూ.

తెర వెలిగింది. మేడం కళ్లజోడు సర్దుకుంటూ కనిపించారు. "ఎంతసేపయింది దెబ్బ తగిలి?"

"నలభై నిమిషాలు మేడం."

"అయితే మాటలొద్దు. సిస్టర్, మణికట్టు నాళం. వందనం, నీ ఏడు టిక్కులు."

వలయం కదలాలంటే ముందు ఏడు ప్రశ్నలకు టిక్ పెట్టాలి. పేరు, వయసు, బరువు, నాలుగోది 'లోహం లేదు'. ఆ ఏడూ నా బాధ్యత.

"పేరు?"

"పెంటయ్య" అన్నాడతను. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "నవ్వమాకన్నా. నాకంటే ముందు ఇద్దరు పుట్టి పోయారంట. నన్ను పెంటకుప్పలో దొరికినోడని చెప్పి దేవుణ్ణి బురిడీ కొట్టించింది మాయమ్మ."

"మాట్లాడమాకురా" అంది ఆదెమ్మ, తల దగ్గర నిలబడి.

"ఈ గుండ్రం దాంట్లో ఏసీ ఉందా అన్నా?"

"ఉంది."

"అయితే నిదానంగా తియ్."

అతను నవ్వబోయి మధ్యలో ఆగిపోయాడు. నేను ఫ్యాంటు కోసి లాగేశాను. బెల్టు, జేబులో ఫోను, వేలి ఉంగరం తీసి ట్రేలో వేశాను. అప్పుడు కనిపించింది మొలతాడు.

నల్లదారం. కుడిపక్కన వేలికణుపంత తాయెత్తు. దానిమీద మళ్లీ దారం చుట్టి మైనం పూశారు. మైనం ఊడినచోట రాగి మెరుస్తోంది.

వలయం దగ్గర వాడే, ఇనుము లేని కత్తెర నా చేతిలోనే ఉంది. పక్కనే ఆదెమ్మ ఉంది. మా ఊళ్లో మగవాడి మొలతాడు కోసేది ఒకే ఒక్కసారి, ఆఖరి స్నానం చేయించేటప్పుడు. నాకూ ఉండేది. మా నాయనమ్మ కట్టింది. కాలేజీ హాస్టల్లో పక్కమంచం వాళ్లు చూసి నవ్వితే బాత్రూంలో బ్లేడుతో తీసేసుకున్నాను. అది మా ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

ఈ తల్లి కళ్లముందు కత్తెర పెడితే కొడుకు పోయాడనుకుని కుప్పకూలుతుంది. నచ్చజెప్పడానికి టైం లేదు. చెప్పినా ఆమెకు ఎక్కదు. పైగా అది రాగి. రాగిని అయస్కాంతం లాగదు, ఆ సంగతి నాకు తెలుసు. వలయం చూసేది తుంటి నుంచి బొడ్డు దాకానే. ఇవన్నీ మూడు సెకన్లలో అనుకున్నాను. తాడును పైకి, పక్కటెముకల కిందికి జరిపి, మీద దుప్పటి మడత కప్పాను. నా పని నాకు తెలివైన పనిగానే అనిపించింది. ఆ పెద్దామెకు మర్యాద ఇచ్చానని కూడా అనుకున్నాను.

'లోహం లేదు' దగ్గర టిక్ పెట్టాను.

"అమ్మా, నువ్వు బయట కూర్చో" అంది సిస్టర్.

ఆదెమ్మ కొడుకు నుదుటి మీది పొడి తుడిచి, నావైపు తిరిగి, "నీ చేతుల్లో పెడుతున్నా అబ్బాయ్" అని బయటికి వెళ్లింది.

*

మేం వాటిని చీమలంటాం. కాగితాల్లో పెద్ద పేరుంది, ఎవరూ పలకరు. కంటికి కనిపించనంత పలుకులు. లోపల ఇనుము, పైన రక్తాన్ని గడ్డకట్టించే పూత. మణికట్టు దగ్గర ఎక్కిస్తే రక్తంతో పాటే పెద్ద నాళంలోకి వచ్చి కిందికి దిగుతాయి. నాళం రెండు పాయలుగా చీలిన ప్రతిచోటా వలయం వాటిని కావలసిన పక్కకు నెడుతుంది. ఆ బలం చాలా మెత్తనిది, బల్లమీది పిన్నీసును కూడా కదిలించదు. చీమలకు మాత్రం అది చాలు. తెగినచోటికి చేరాక ఒకదాన్నొకటి పట్టుకుని గోడ కడతాయి. తొంభై సెకన్లలో పూత బిగుస్తుంది. బిగిశాక ఇక కదలవు.

"వదులుతున్నాను" అన్నారు మేడం. "పన్నెండు వేలు."

తెరమీద పెంటయ్య తుంటి లోపలి నాళాలు బూడిదరంగు వేళ్లలాగా కనిపిస్తున్నాయి. ఎడమవైపు ఒక వేరు చివర మబ్బు. రక్తం బయటికి చిమ్ముతున్న చోటు అదే. ప్రతి గుండెచప్పుడుకీ మబ్బు కాస్త పెద్దదవుతోంది.

"అరవై ఆరు" అంది సిస్టర్. రెండో సీసా తగిలించింది.

మొదటి చీమలు పైనుంచి తెల్లటి చుక్కల్లా దిగాయి. చీలిక దగ్గర ఎడమకు తిరిగాయి. మబ్బు అంచుకు చేరాయి. నేను ఊపిరి వదిలాను.

మేడం ఊపిరి వదల్లేదు.

"వందనం, లెక్క తక్కువొస్తోంది."

"మేడం?"

"పన్నెండు వేలు వదిలాను. కిందికి వచ్చినవి ఏడున్నర. వలయం ఏదో సర్దుకుంటూ ఉంది, రోగి కదిలాడు అంటోంది. కదిలాడా?"

పెంటయ్య కదల్లేదు. అతనికి స్పృహ కూడా సరిగా లేదు.

"కదల్లేదు మేడం."

"మరి నాలుగున్నర వేలు ఎటు పోయినట్టు?"

లోహం లేదని నేను చెప్పాను కాబట్టి వలయం నా మాట నమ్మింది. బలంలో తేడా వస్తే మనిషి కదిలాడనుకుని తనంతట తనే సర్దుకుంటోంది. దానికి అబద్ధం చెప్పింది నేను.

"వలయాన్ని పది సెంటీమీటర్లు పైకి జరుపు. నాలుగు సెకన్లు చూసి మళ్లీ కిందికి దించు. నాలుగే. అంతకు మించితే కింద నాకు కనిపించదు."

జరిపాను. బొడ్డు పైభాగం తెరమీదికి వచ్చింది. కుడిపక్క, చివరి పక్కటెముక కింద, సూర్యుడిలా తెల్లటి మచ్చ. రాగి అలా మెరవదు. దాని వెనకే కుడి కిడ్నీ. కిడ్నీకి వెళ్లే నాళంలో చీమలు బారులు తీరి ఉన్నాయి. కిడ్నీ సగం అప్పటికే నల్లబడింది.

వలయం కిందికి దించాను.

"మేడం" అన్నాను. "మొలతాడు. తాయెత్తు. రాగి అనుకున్నాను. లోపల ఇనుముంది. నేనే పైకి జరిపాను."

సిస్టర్ నావైపు చూసింది. నేను దుప్పటి తీసేసి కత్తెర దూర్చాను.

"ఆగు!" మేడం అరిచారు. "కొయ్యకు. కదపకు. ఆ ఇనుము బలాన్ని కూడా లెక్కలో కలుపుకుని వలయం ఇప్పుడు కింద గోడను నిలబెడుతోంది. ఒక్కసారిగా తీసేస్తే గోడ పక్కకు ఒరుగుతుంది. అక్కడ ఇంకా బిగుసుకోలేదు."

"కిడ్నీ మేడం?"

"తెలుసు."

"ఇప్పుడు తీస్తే కిడ్నీలోవి సగమైనా కొట్టుకుపోతాయి కదా?"

"పోతాయి. మనిషి కూడా పోతాడు." గడియారం చూశారు. "ఎనభై సెకన్లు. తాడు పట్టుకుని అలాగే ఉండు. కిడ్నీ సంగతి తర్వాత."

అలాగే ఉన్నాను. రెండు కత్తెర రెక్కల మధ్య నల్లదారం. నా మణికట్టు కింద పెంటయ్య పొట్ట, ఊపిరికి కొంచెం కొంచెం లేస్తోంది. ఆ చర్మానికి నాలుగు వేళ్ల లోతున ఒక కిడ్నీ చచ్చిపోతోంది. దాన్ని చంపుతున్నది నేను. బతికించగలిగిన కత్తెర కూడా నా చేతిలోనే ఉంది. బిగించకూడదు.

"అరవై" అన్నారు మేడం.

"బీపీ అరవై రెండు" అంది సిస్టర్.

"నలభై."

"బీపీ అరవై" అంది సిస్టర్.

చెమట చుక్క నా గడ్డం మీంచి అతని పొట్టమీద పడింది. తుడవడానికి రెండో చెయ్యి ఖాళీ లేదు. తలుపు అవతల ఆదెమ్మ ఎవరితోనో ఏదో అంటోంది. మాట తెలియడం లేదు, గొంతు మాత్రం తెలుస్తోంది.

"ఇరవై. పది. వందనం, ఇప్పుడు!"

కోశాను. తాయెత్తు ట్రేలో పడి టంగుమంది. వలయం ఒక్కసారి గుర్రుమని, లెక్క సరిచేసుకుంది. తెరమీద గోడ కొంచెం వణికింది. వణికి నిలబడింది. మబ్బు పెరగడం ఆగింది.

"అరవై ఎనిమిది" అంది సిస్టర్. తర్వాత, "ఎనభై." ఆ తర్వాత కళ్లు తుడుచుకుని, "తొంభై నాలుగు."

తాయెత్తు విప్పి చూశాను. రాగి గొట్టంలో, సాంబ్రాణి పొడిలో దాచిన గుర్రపునాడా మేకు. పిల్లవాడిని గాలీ ధూళీ తాకకుండా ఇనుము కట్టడం మా వైపు ఉన్నదే. రాగి గురించి పుస్తకంలో చదివింది గుర్తొచ్చింది. ఇంట్లో చూసింది గుర్తు రాలేదు.

*

పెంటయ్య బతికాడు. కుడి కిడ్నీ పోయింది. మూడోరోజు చేసిన స్కానులో ఇంకో సంగతి బయటపడింది. ఎడమ కిడ్నీ పుట్టుకతోనే చిన్నది. ఇన్నాళ్లూ కుడిది దాని పని కూడా చేసుకొచ్చింది. ఇక జీవితాంతం నెలనెలా పరీక్షలు చెయ్యాలి, మందులు వాడాలి, తేడా వస్తే వెంటనే పట్టుకోవాలి. వదిలేస్తే రెండు మూడేళ్లకు మించి ఆ చిన్న కిడ్నీ నిలబడదని మేడం ఫోన్లో చెప్పారు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్లేసరికి గుమ్మం ముందు కాళ్లు కట్టేసిన నాటుకోడి.

"ఆదెమ్మ పంపింది" అన్నాడు నాన్న. మంచంమీద ఎగశ్వాసతో కూర్చుని కూడా వెలిగిపోతున్నాడు. "క్వారీ అంతా నీ మాటేనంటరా. కొయ్యకుండా, కుట్టకుండా మనిషిని లేపాడంట వందనం అని. మేస్త్రీ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లలో ఏ మేస్త్రీ పట్టుకోలా."

"దాన్ని తిరిగి పంపించెయ్ నాన్నా."

"పిచ్చోడా, ఇంటికొచ్చినదాన్ని తిప్పి పంపితే ఆమెను చెప్పుతో కొట్టినట్టు గాదూ?"

అమ్మ కూర వండింది. నాన్న మంచి ముక్క ఏరి నా కంచంలో వేశాడు. నేను దాన్ని కంచం అంచుకు నెట్టాను. మసాలా ఎక్కువైందేమోనని అమ్మ బాధపడింది.

ఆరో రోజు నిరుపమ మేడం స్వయంగా వచ్చారు. కారు దిగి నేరుగా పెంటయ్య దగ్గరికి వెళ్లి, కాలి మడమ దగ్గర నాడి పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నన్ను బయట టీ బంకు దగ్గరికి తీసుకెళ్లి, చేతిలో కాగితం పెట్టారు. పరీక్ష దశలో ఉన్న ఈ పద్ధతిని పర్యవేక్షించే కమిటీకి పంపే నివేదిక. ఇంగ్లీషులో ఉంది. నాలుగో పేరా దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. రోగి తల్లి లోహ వస్తువు సంగతి తెలిసి కూడా సిబ్బందికి చెప్పకుండా దాచింది అని ఉంది.

"మేడం, ఆమె దాచలేదు."

"తెలుసు."

"మరి?"

"సిబ్బంది తప్పు అని రాస్తే కమిటీ యూనిట్ మూసేస్తుంది. తక్కువలో తక్కువ నాలుగు నెలలు. మనదొక్కటే కాదు, ఈ పద్ధతి నడిచే ఏడు యూనిట్లూ. బంధువులు దాచారంటే ఒక్కరోజు కూడా ఆగదు." టీ గ్లాసు ముట్టుకోలేదావిడ. "నాలుగు నెలల్లో ఈ రోడ్డు మీద నాకు ఎంతమంది వస్తారో నీకు తెలుసు. నెలకు ముగ్గురు. గంటన్నర ప్రయాణంలో వాళ్లలో ఎంతమంది మిగులుతారో కూడా తెలుసు."

"బంధువులు దాచారని ఉంటే పెంటయ్యకు పరీక్షలూ మందులూ ఇవ్వరు కదా మేడం? నష్టం మనవల్ల అయితేనే జీవితాంతం చూస్తామని నిబంధనల్లో ఉంది."

"నేను చూస్తాను. నా బాధ్యతమీద."

"కాగితం మీదా?"

"కాగితం మీద ఎలా ఉంటుంది వందనం?"

"మీరు రేపు ఇంకోచోటికి మారితే?"

ఆవిడ రోడ్డు వైపు చూశారు. పెద్ద బండరాయిని గొలుసులతో కట్టుకుని లారీ ఒకటి మూలుగుతూ పోతోంది.

"పదకొండేళ్లు పట్టింది నాకు ఆ గొట్టం తీసెయ్యడానికి" అన్నారు. "ఆమెకు తెలుగులో చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. సాక్షిగా సిస్టర్ ఉండాలి. నీకు చేతకాకపోతే నేనే చదువుతాను."

"వద్దు మేడం. నేనే చదువుతాను."

*

వార్డులో పెంటయ్య దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఆదెమ్మ బత్తాయి ఒలుస్తోంది. సిస్టర్ సిరా పెట్టె తెచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"రా నాయనా" అంది ఆదెమ్మ. "యాడ వెయ్యాల వేలు?"

"ముందు చదవాలి పెద్దమ్మా."

"నువ్వు చదివావుగా, చాలు. నేనేం కలెక్టర్నా?"

"చదివితీరాలి."

మొదటి మూడు పేరాలు చదివాను. ఏ రోజు తెచ్చారు, ఎంత రక్తం పోయింది, గోడ ఎలా నిలబడింది. పెంటయ్య మధ్యలో, "నా కడుపులో గోడ కట్టారంటమ్మా, క్వారీవాళ్లకి చెప్పమాకు, ఆ రాయి కూడా మాదే అంటారు" అన్నాడు. తల్లి అతని తొడమీద ఒక్కటి వేసింది.

నాలుగో పేరా దగ్గర ఆగాను.

"కళ్లజోడు కావాలా ఏంది?" అంది ఆదెమ్మ.

"రోగి తల్లి లోహ వస్తువు సంగతి తెలిసి కూడా సిబ్బందికి చెప్పకుండా దాచింది" అని చదివాను.

బత్తాయి తొనలు ఆమె చేతిలోనే ఉండిపోయాయి. "రోగి తల్లంటే నేనేగా?"

"నువ్వే."

"నేనేం దాచా?"

"మొలతాడులో మేకు."

"దాచడమేందయ్యా, నడుముకు కట్టి ఉన్నదాన్ని! బట్టలు కోసింది మీరు గదా. కనపళ్లా?"

సిస్టర్ నేలవైపు చూస్తోంది. నేను కాగితం మంచంమీద పెట్టాను.

"కనపడింది పెద్దమ్మా. నాకే కనపడింది. కొయ్యకుండా పైకి జరిపి దుప్పటి కప్పింది నేను. లోహం లేదని మిషన్‌కు చెప్పింది కూడా నేనే. వాడి కిడ్నీ పోయింది దానివల్లే. దాచింది నేను."

పెంటయ్య నవ్వు ఆగిపోయింది. ఆదెమ్మ నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

"యెందుకు కొయ్యలా?"

"బతికుండగా మొలతాడు కోస్తే నువ్వు తట్టుకోలేవని."

"అని నేను చెప్పానా?"

"చెప్పలేదు."

"నువ్వడిగావా?"

"అడగలేదు."

"తలకాడే నిలబడున్నా గదరా." ఆమె గొంతు పెరగలేదు, పెరిగితే బాగుండేది. "ఆర్నెల్లకోసారి తెగిపోయిద్దది, మళ్లీ కడతా. చిన్నప్పటినుంచీ ఎన్ని కట్టానో. ఇద్దర్ని మట్టిలో పెట్టినదాన్ని. ఈడన్నా బతకాలని కట్టా. తీస్తే బతుకుతాడంటే కత్తెర కూడా అక్కర్లేదు, నా పళ్లతో కొరికి తీసేదాన్ని. అడగాల్సింది గదరా! ఒక్క మాట. అంత చదువుకున్నావు, ఒక్క మాట అడగలేకపోయావా?"

ఆ రోజు కత్తెర పట్టుకుని అనుకున్నవన్నీ గుర్తొచ్చాయి. చెప్పినా ఆమెకు ఎక్కదు అనుకున్నాను. హాస్టల్లో నన్ను చూసి నవ్వినవాళ్లకూ నాకూ తేడా ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. వాళ్లు మాలాంటివాళ్లను చూసి నవ్వారు. నేను జాలిపడ్డాను. అంతే.

పెంటయ్య అడిగాడు. "కాగితంలో ఆ ముక్క అట్టాగే ఉంటే నాకేమయిద్దన్నా?"

"పరీక్షలూ మందులూ రావు. మేడం తన సొంతంగా చూస్తానంటున్నారు."

"తీసేస్తే?"

"జీవితాంతం ఈ పద్ధతి నడిపేవాళ్లే చూడాలి. కానీ యూనిట్ మూసేస్తారు. నాలుగు నెలలో, ఎక్కువో. నా ఉద్యోగం సంగతి తెలీదు."

అతను పైకప్పు వైపు చూశాడు. "ఈ నాలుగు నెలల్లో మావాళ్లలో ఎవడన్నా నలిగితే?"

"పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి."

"గంటన్నర."

"గంటన్నర."

"అమ్మా" అన్నాడు పెంటయ్య మెల్లగా. "ఉండనియ్యవే. నాకేం, బతికే ఉన్నాగా. మేడం చూస్తానంటందిగా. మన రవణ ఉన్నాడు, సుబ్బులు మొగుడున్నాడు, రోజూ ఆ రాళ్ల కిందే..."

"నోరు ముయ్" అంది ఆదెమ్మ. బత్తాయి పక్కన పెట్టి చెయ్యి చీరకు తుడుచుకుంది. నాకేసి తిరిగింది. "నేను దాచానని రాస్తే ఏమయిద్దో తెలుసా అబ్బాయ్? రేపు రవణగాడు నలిగొస్తాడు. వాళ్లమ్మ కూడా తలకాడ నిలబడిద్ది. తల్లులు దాస్తారు అని కాగితంలో ఉంది గాబట్టి, ఆమెను బయటికి నెడతారు. అప్పుడూ ఎవురూ అడగరు. వాడి ఒంటిమీద ఏముందో చెప్పగలిగింది ఆమె ఒక్కతే."

కిటికీ దగ్గర్నుంచి సిస్టర్ కదిలింది. తన జేబులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చింది.

తలుపు దగ్గర ఎవరో ఉన్నారనిపించి తిరిగి చూశాను. నిరుపమ మేడం. ఎప్పటినుంచి నిలబడి ఉన్నారో తెలియదు. ఆపుతారనుకున్నాను. ఆవిడ తలుపు చట్రానికి ఆనుకుని, కళ్లజోడు తీసి, చేత్తో పట్టుకున్నారు. లోపలికి రాలేదు, బయటికీ పోలేదు.

నాలుగో పేరా అడ్డంగా కొట్టేశాను. కింద తెలుగులో, నా చేతిరాతతో రాశాను. రోగి నడుముకు కట్టి ఉన్న మొలతాడును టెక్నీషియన్ వందనం చూశాడు. అందులో ఇనుము ఉందేమోనని రోగి తల్లి ఆదెమ్మను అడగలేదు. తీయలేదు. లోహం లేదని నమోదు చేశాడు. ఆమె దేన్నీ దాచలేదు. కింద సంతకం పెట్టాను.

"చదువు" అంది ఆదెమ్మ.

చదివాను.

"ఇంకోసారి."

ఇంకోసారి చదివాను. అయ్యాక ఆమె కాగితం మీదికి వంగింది.

"అడగలేదు అన్న మాట యాడుంది?"

వేలు పెట్టి చూపించాను.

ఆదెమ్మ బొటనవేలు సిరాలో అద్దుకుని, సంతకాల కోసం వదిలిన జాగా ఎక్కడో కిందున్నా చూడకుండా, సరిగ్గా ఆ మాట పక్కన గట్టిగా నొక్కింది.